విద్యారంగంలో అభ్యసన నిర్వహణ వ్యవస్థలు: విద్యార్థి కృషి తిరిగి అధ్యాపకునికి చేరే మార్గం

పాఠశాల మొదలు విశ్వవిద్యాలయం వరకు కంప్యూటరు ఆధారంగా సాగుతున్న బోధనకు నేడు ప్రధాన ఆధారంగా నిలుస్తున్నది అభ్యసన నిర్వహణ వ్యవస్థ. టెండరు ప్రకటనల్లోను, ప్రభుత్వ ఉత్తర్వుల్లోను 'ఎల్.ఎం.ఎస్.' అన్న పొడి అక్షరాలతో కనిపించే ఈ మాటను పలువురు వీడియో పాఠాల భాండాగారం అన్న అర్థంలో వాడుతున్నారు. ఈ రెండింటికీ గల భేదం చిన్నది కాదు. భాండాగారం నుండి పాఠం విద్యార్థి వద్దకు వెళుతుంది; అంతటితో దాని పని ముగుస్తుంది. అభ్యసన నిర్వహణ వ్యవస్థలో విద్యార్థి తెరచిన పాఠం, రాసిన సమాధానం, చేసిన పొరపాటు, అడిగిన సందేహం తిరిగి అధ్యాపకుని వద్దకు చేరుతాయి. ప్రజాధనంతో ఇటువంటి వ్యవస్థను నెలకొల్పినప్పుడు ఆ తిరుగు మార్గం పనిచేస్తున్నదా, దానిని ఎవరు చూస్తున్నారు, అందులో పోగుపడిన సమాచారం రేపు ఎవరి అధీనంలో ఉంటుంది అన్న అంశాలే ఆ వ్యయం సార్థకమైనదో కాదో తేలుస్తాయి.

వ్యవస్థ పనితీరును స్థూలంగా ఇలా చెప్పవచ్చు. విద్యార్థులు, అధ్యాపకులు, నిర్వాహకులు ఎవరి గుర్తింపుతో వారు అందులో ప్రవేశిస్తారు. ఒక్కొక్క కోర్సుకు ఒక్కొక్క గది వంటి ఏర్పాటు ఉంటుంది. అందులో పాఠ్యాంశాలు, అసైన్‌మెంట్లు, క్విజ్‌లు, చర్చా వేదిక, మార్కుల పట్టిక ఉంటాయి. ఎవరు ఏ పని ఏ రోజున ఏ గంటకు చేశారన్నది డేటాబేసులో నమోదవుతుంది. హాజరు పట్టీ, మార్కుల రిజిస్టరు, నోటీసు బోర్డు, అసైన్‌మెంట్ల కట్ట ఒకేచోట చేరినట్లు భావిస్తే ఈ వ్యవస్థ స్వరూపం సులభంగా అవగతమవుతుంది.

పూర్వరంగం

ఈ ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ ఆధ్వర్యంలో 1960లో ఆరంభమైన 'ప్లేటో' వ్యవస్థ కంప్యూటరు ద్వారా పాఠం చెప్పి, విద్యార్థి సమాధానాన్ని అక్కడికక్కడే సరిచూసింది. దాని పరిశోధనల నుండే ప్లాస్మా తెర పుట్టిందన్నది విద్యారంగం వెలుపల కూడా తెలిసిన విషయం. వెబ్ వ్యాప్తిలోకి వచ్చిన తరువాత, 1990వ దశకం రెండవ భాగంలో, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మర్రీ గోల్డ్‌బర్గ్ 'వెబ్‌సిటి'ని రూపొందించారు. 1997లో అమెరికాలో 'బ్లాక్‌బోర్డ్' సంస్థ ఏర్పడింది. ఈ రెండూ కొన్ని సంవత్సరాలపాటు విశ్వవిద్యాలయాలలో అగ్రస్థానంలో నిలిచాయి.

మన దేశం ఆ కాలంలో మరొక దారిన నడిచింది. కేవలం విద్యావసరాల కోసం ఇస్రో రూపొందించిన తొలి ఉపగ్రహం ఎడ్యుశాట్ 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి జి.ఎస్.ఎల్.వి. వాహకం ద్వారా కక్ష్యలోకి చేరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మన టీవీ, తరువాత తెలంగాణలో టి-శాట్ ఉపగ్రహ ప్రసారాల ద్వారా పాఠాలను మారుమూల ప్రాంతాలకు చేర్చాయి. విద్యను దూరానికి చేర్చడంలో ఈ ప్రసారాల పాత్రను తక్కువ చేయడానికి వీల్లేదు. అయితే, ఏ విద్యార్థికి ఏ అంశం బోధపడలేదో ప్రసార కేంద్రానికి తెలిసే మార్గం పరిమితం. 1982లో హైదరాబాదులో ఏర్పడి, దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పేరొందిన నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వంటి సంస్థల అనుభవం కూడా దూరవిద్యలో ఇదే చిక్కును సూచిస్తుంది. పాఠ్యపుస్తకాన్ని పంపించడం తేలిక. విద్యార్థి రాసినదానిని సకాలంలో దిద్ది, అతడు తరువాతి పాఠానికి వెళ్లకముందే తిరిగి చేర్చడం కష్టం.

మూడుల్: ఎడారి గ్రామం నుండి

ఈ కష్టం చిన్ననాటి నుండి తెలిసిన వ్యక్తి తయారుచేసినదే నేడు ప్రపంచంలో విస్తృతంగా వాడుకలో ఉన్న 'మూడుల్'. దీని రూపకర్త మార్టిన్ డుగియామస్ పశ్చిమ ఆస్ట్రేలియాలోని మారుమూల ఎడారి ప్రాంతంలో పెరిగారు. సమీపంలో బడి లేని పిల్లల కోసం ఆస్ట్రేలియాలో షార్ట్‌వేవ్ రేడియో ద్వారా నడిచిన 'ఆకాశ పాఠశాల'లో ఆయన చదువు ఆరంభమైంది. తరువాత పెర్త్‌లోని కర్టిన్ విశ్వవిద్యాలయంలో వెబ్‌సిటి నిర్వాహకునిగా పనిచేస్తూ, దాని పరిమితులను గమనించి, స్వయంగా వేరొక వ్యవస్థను రాయనారంభించారు. మూడుల్ తొలి అధికారిక వెర్షన్ 2002 ఆగస్టులో విడుదలైంది. ఎవరైనా ఉచితంగా తీసుకొని, తమ అవసరాలకు తగినట్లు మార్చుకొనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద దానిని అందించడం విశేషం. లక్షలాది దూరవిద్యార్థులు గల బ్రిటన్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 2005లో మూడుల్‌ను ఎంచుకోవడంతో పెద్ద సంస్థలకు సైతం దానిపై విశ్వాసం కలిగింది.

ఉచిత లైసెన్సు అంటే ఖర్చు లేని వ్యవస్థ అని భావించడం పొరపాటు. సర్వరు, విద్యుత్తు, రోజువారీ బ్యాకప్, ఏడాదికి రెండుసార్లు వెలువడే కొత్త వెర్షన్లు, మధ్యలో వచ్చే భద్రతా సవరణలు, వీటన్నిటినీ చూసుకునే శిక్షణ పొందిన సిబ్బంది కావాలి. ఉదయం 10 గంటలకు జిల్లా అంతటా ఒకేసారి క్విజ్ పెట్టినప్పుడు సర్వరు మొరాయించడం తరచు వినిపించే ఫిర్యాదు. బ్యాచీలవారీగా సమయం కేటాయించడం వంటి సాధారణ ఏర్పాటుతో ఈ ఇబ్బంది చాలావరకు తొలగుతుంది. లైసెన్సు రుసుము మిగిలిన చోట నిర్వహణ సిబ్బందికి పోస్టులు మంజూరు చేయని సంస్థలలో వ్యవస్థ రెండవ సంవత్సరంలోనే మూలపడే ప్రమాదం ఉన్నది.

ప్రశ్న కూడా పరీక్షకు నిలవాలి

తిరుగు మార్గం విలువ ఎంతటిదో తెలియాలంటే క్విజ్ గణాంకాలను చూడాలి. మూడుల్ వంటి వ్యవస్థ ప్రతి ప్రశ్నకు రెండు ముఖ్యమైన అంకెలను లెక్కగట్టి ఇస్తుంది. మొదటిది సులభతా సూచి. విద్యార్థులు సగటున ఆ ప్రశ్నకు ఎంత శాతం మార్కులు పొందారో అది తెలుపుతుంది. రెండవది విచక్షణా సూచి. మొత్తం పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్నవారే ఆ ప్రశ్నకు కూడా సరిగా రాశారా అన్నది దీనివల్ల తెలుస్తుంది. ఈ సూచి రుణాత్మకంగా ఉంటే బాగా చదివినవారు తప్పు చేశారని, చదవనివారు ఒప్పు రాశారని అర్థం. అటువంటి చోట లోపం సాధారణంగా విద్యార్థిలో కాక ప్రశ్నలోనో, సమాధాన సూచికలోనో ఉంటుంది.

తెలుగు మాధ్యమానికి, ద్విభాషా ప్రశ్నపత్రాలకు ఈ అంశం మరింత ముఖ్యం. భౌతికశాస్త్రంలో దిశతో సంబంధం లేని రాశిని 'వడి' అని, దిశతో కూడిన రాశిని 'వేగం' అని తెలుగు పాఠ్యపుస్తకాలు విడదీసి చెబుతాయి. వాడుక భాషలో మాత్రం రెండింటికీ వేగమే. వృత్తాకార మార్గంలో ఒకే వడితో తిరిగే వస్తువును గురించి అడుగుతూ, ప్రశ్నకర్త వడి అనవలసిన చోట వేగం అని రాసి, 'మారదు' అన్నదానిని సరైన సమాధానంగా నమోదు చేశారనుకుందాం. దిశ మారుతున్నది కనుక వేగం మారుతుందని పాఠ్యపుస్తకం చదివిన విద్యార్థి గుర్తిస్తాడు, మార్కు కోల్పోతాడు. వాడుక అర్థంలో చదువుకున్నవాడికి మార్కు వస్తుంది. కాగితపు పరీక్షలో ఈ అన్యాయం వందల జవాబుపత్రాల మధ్య కనిపించకుండా పోతుంది. విచక్షణా సూచిని చూసే అలవాటున్న అధ్యాపకునికి అది పరీక్ష ముగిసిన కొద్దిసేపటికే కంటబడుతుంది. ప్రశ్నను సరిదిద్ది, మార్కులను తిరిగి లెక్కించే సదుపాయం కూడా వ్యవస్థలో ఉన్నది.

లిపికి సంబంధించిన సమస్యలు వేరు. సంక్షిప్త సమాధాన ప్రశ్నలను యంత్రం అక్షరం పోల్చి దిద్దుతుంది. 'కిరణజన్య సంయోగక్రియ' అని రెండు మాటలుగా రాసిన విద్యార్థికి మార్కు వచ్చి, 'కిరణజన్యసంయోగక్రియ' అని కలిపి రాసినవారికి సున్న వచ్చే అవకాశం ఉన్నది. సమాధాన సూచికలో రెండు రూపాలనూ చేర్చడం ప్రశ్నకర్త బాధ్యత. అంతకన్నా సూక్ష్మమైన చిక్కు పొల్లు అక్షరాలతో వస్తుంది. 'ఆక్సిజన్' వంటి మాట చివర కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని ఒక విభజన సంకేతాన్ని చేరుస్తాయి. తెరపై రెండు మాటలూ ఒకేలా ఉంటాయి. యంత్రానికి మాత్రం అవి వేరు. తెలుగులో పరీక్షలు నిర్వహించదలచిన శాఖలు ఇటువంటి సంకేతాలను తొలగించి పోల్చే ఏర్పాటును ముందుగానే కోరడం మంచిది.

పాత ఫాంట్ల సంగతి కార్యాలయాలకు సుపరిచితమే. యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991 నుండే స్థానం ఉన్నప్పటికీ, డి.టి.పి. కేంద్రాలలో అను వంటి ఫాంట్లతో కూర్చిన పాఠాలు నేటికీ లెక్కకు మించి ఉన్నాయి. వాటిని వ్యవస్థలోకి యథాతథంగా ఎక్కిస్తే అర్థంలేని అక్షరాలు కనిపిస్తాయి. పి.డి.ఎఫ్. గా మార్చి ఎక్కిస్తే చదవడానికి వీలుంటుంది గాని, వెతకడానికి వీలుండదు. చూపులేని విద్యార్థుల కోసం తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కూ అది అందదు. పాఠాల యూనికోడ్ మార్పిడికి అంచనాలలో ప్రత్యేక పద్దు ఉండటం అవసరం.

జాతీయ వేదికలు

2017 జులై 9న నాటి రాష్ట్రపతి శ్రీ ప్రణబ్ ముఖర్జీ 'స్వయం' వేదికను ప్రారంభించారు. వీడియో పాఠం, చదువుకొనే సామగ్రి, చర్చా వేదిక, స్వీయ మూల్యాంకనం అనే నాలుగు భాగాలు ప్రతి కోర్సులోను ఉండాలన్నది దీని నియమం. మొదటి రెండూ పాఠాన్ని విద్యార్థికి చేరుస్తాయి. చివరి రెండూ విద్యార్థి స్పందనను వెనక్కు తెస్తాయి. ఒక సెమిస్టరులో 20 శాతం వరకు కోర్సులను దీని ద్వారా చదివి క్రెడిట్లు పొందేందుకు యు.జి.సి. 2016 నిబంధనలు వీలు కల్పించగా, 2021 నిబంధనలు ఆ పరిమితిని 40 శాతానికి పెంచాయి.

పాఠశాల విద్యకు ఉద్దేశించిన 'దీక్ష' వేదిక 2017 సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి శ్రీ ఎం. వెంకయ్యనాయుడు చేతులమీదుగా ఆరంభమైంది. 'సన్‌బర్డ్' అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ దీనికి పునాది. పాఠ్యపుస్తకాలలోని క్యూఆర్ కోడ్ ద్వారా తెరుచుకొనే పాఠాలతో అది ప్రజలకు పరిచయమైంది. అయితే, అభ్యసన నిర్వహణ వ్యవస్థగా దీక్ష అసలు బలం కనిపించినది ఉపాధ్యాయ శిక్షణలోనే. 'నిష్ఠ' శిక్షణను ఆన్‌లైన్ విధానంలో తొలిసారిగా 2020 జులై 16న ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 1,200 మంది కీలక వనరుల వ్యక్తులతో ప్రారంభించారు. ఆ ఏడాది అక్టోబరు నుండి దీక్ష వేదికపై ఈ కోర్సులు దేశవ్యాప్తంగా నడిచాయి. ఎవరు కోర్సు పూర్తిచేశారు, ఎవరికి ధ్రువపత్రం జారీ అయింది అన్న వివరాలు రాష్ట్రాలకు అందాయి.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. కోర్సు పూర్తికావడం, విషయం పట్టుబడటం ఒకటి కావు. లాగిన్ల సంఖ్య, వీక్షణల సంఖ్య, ధ్రువపత్రాల సంఖ్య సమీక్షా సమావేశాలలో ఆకర్షణీయంగా కనిపిస్తాయి. పత్రికలకూ అవే ముందుగా అందుతాయి. వీడియోను నడుస్తూ వదిలివేసి బయటకు వెళ్లిన వ్యక్తి కూడా ఆ సంఖ్యలో ఉంటాడు. సమర్పించిన అసైన్‌మెంట్లలో ఎన్నింటిని దిద్దారు, దిద్దడానికి సగటున ఎన్ని రోజులు పట్టింది, చర్చా వేదికలో జవాబు లేని ప్రశ్నలు ఎన్ని అన్నవి అడిగితే వ్యవస్థ నుండే సమాధానం లభిస్తుంది. ఇవి ఎక్కువ మాట్లాడే అంకెలు.

అంకెలను చదవడంలో పెద్ద విశ్వవిద్యాలయాలే తడబడిన ఉదాహరణ ఉన్నది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం 2007లో ప్రయోగాత్మకంగా ఆరంభించిన 'కోర్స్ సిగ్నల్స్' పథకం, మార్కులు, అభ్యసన వ్యవస్థలో విద్యార్థి చేసిన పని తదితరాల ఆధారంగా ప్రతి విద్యార్థికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాలలో ఒకదానిని చూపేది. ఎరుపు దీపం వచ్చినవారికి అధ్యాపకుని నుండి సందేశం వెళ్లేది. ఈ పద్ధతిలో రెండు, అంతకుమించి కోర్సులు చదివినవారు విశ్వవిద్యాలయంలో నిలిచే శాతం గణనీయంగా ఎక్కువని ప్రకటించడంతో పథకానికి విశేష ప్రచారం లభించింది. 2013లో పరిశీలకులు లోపాన్ని ఎత్తిచూపారు. ఎక్కువ కాలం చదువు కొనసాగించినవారికే ఇటువంటి కోర్సులు రెండోసారి, మూడోసారి ఎదురయ్యే అవకాశం ఉంటుంది. మొదటి ఏడాదిలోనే మానివేసినవారికి ఆ అవకాశమే లేదు. కారణం, ఫలితం తారుమారైన లెక్క అది. ముందస్తు హెచ్చరిక ఉపయోగం లేనిదని దీని అర్థం కాదు. హెచ్చరిక దీపాన్ని చూసి విద్యార్థితో మాట్లాడే మనిషి ఉన్నప్పుడే దానికి విలువ.

అనుసంధానం లేని చోట

జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం, 2017-18లో దేశంలోని గ్రామీణ కుటుంబాలలో అంతర్జాల సదుపాయం గలవి 14.9 శాతం, పట్టణాలలో 42 శాతం. కంప్యూటరు గల గ్రామీణ కుటుంబాలు 4.4 శాతం మాత్రమే. కోవిడ్ కారణంగా 2020 మార్చిలో బడులు మూతపడిన నాటికి పరిస్థితి కొంత మారింది. స్మార్ట్‌ఫోన్ గల కుటుంబాలకు చెందిన బడి పిల్లలు 2018లో 36.5 శాతం కాగా, 2020లో 61.8 శాతమని గ్రామీణ ప్రాంతాలలో జరిపిన 'అసర్' సర్వే తెలిపింది. అయినా, ఆ సర్వే జరిగిన సెప్టెంబరు మాసంలో, అంతకు ముందు వారంలో బడి నుండి ఏదైనా అభ్యసన సామగ్రి అందుకున్నవారు సుమారు మూడింట ఒక వంతు మాత్రమే. అందినవారికి ఎక్కువగా అందినది వాట్సాప్ ద్వారా. వాట్సాప్‌లో పంపిన వర్క్‌షీటు ఎవరు చేశారు, ఎవరు చేయలేదు అన్న పట్టీ తనంతట తయారుకాదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రితోపాటు పనికి వెళ్లే కుటుంబాలలో పిల్లల పేరు ఆ పట్టీలోకి ఎక్కే మార్గమే లేదు.

సాంకేతికంగా దీనికి కొన్ని ఉపాయాలున్నాయి. మూడుల్ మొబైల్ యాప్‌లో పాఠాలను ముందుగా దించుకొని, అధ్యాపకుడు అనుమతించిన క్విజ్‌లను నెట్‌వర్కు లేకుండానే రాసి, తరువాత అనుసంధానం దొరికిన చోట సమర్పించవచ్చు. రాస్ప్‌బెర్రీ పై వంటి అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరుపై మూడుల్‌ను ఉంచి, తరగతి గదిలో వైఫై ద్వారా అంతర్జాలం లేకుండా నడిపే వీలు కూడా ఉన్నది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం నూజివీడు, బాసర, ఇడుపులపాయ ప్రాంగణాలలో గ్రామీణ విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు అందించి బోధన ఆరంభించింది. ఇంట్లో ఉన్నవాటిపై ఆధారపడకుండా సంస్థయే పరికరం సమకూర్చే విధానం ఇది.

సమాచారం ఎవరిది?

బ్లాక్‌బోర్డ్ 2006లో తన పోటీదారైన వెబ్‌సిటిని విలీనం చేసుకున్నది. ఆ తరువాత క్రమంగా వెబ్‌సిటి అంతరించింది. అందులో ఏళ్లతరబడి పాఠాలు, ప్రశ్నల నిధులు కూర్చుకున్న విశ్వవిద్యాలయాలు వేరొక వ్యవస్థకు తరలిపోక తప్పలేదు. అదే 2006లో అభ్యసన వ్యవస్థకు సంబంధించిన పేటెంటు ఆధారంగా బ్లాక్‌బోర్డ్ కెనడాకు చెందిన 'డిజైర్ టు లెర్న్' సంస్థపై దావా వేసింది. ఆ పేటెంటులోని వివాదాస్పద అంశాలు చెల్లవని 2009లో అమెరికా ఫెడరల్ అప్పీళ్ల న్యాయస్థానం తేల్చింది. 2021లో 'ఆంథాలజీ' సంస్థలో విలీనమైన బ్లాక్‌బోర్డ్, ఆ మాతృసంస్థ 2025 సెప్టెంబరు చివర దివాలా చట్టం కింద రక్షణ కోరడంతో మరోసారి చేతులు మారే స్థితికి వచ్చింది. విద్యాసంస్థ ఆయుష్షు ఎక్కువ, సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆయుష్షు తక్కువ. ఒప్పందం రాసే అధికారి ఈ వాస్తవాన్ని దృష్టిలో ఉంచుకోవలసి ఉన్నది.

పాఠాల బదిలీకి ప్రమాణాలు చాలాకాలంగా ఉన్నాయి. అమెరికా రక్షణ శాఖ చొరవతో రూపొందిన 'స్కార్మ్' ప్రమాణం 1.2 వెర్షన్ 2001 నుండి వాడుకలో ఉన్నది. పాఠాన్ని ఒక పెట్టెగా కట్టి, ఏ వ్యవస్థలోనైనా తెరిచి, విద్యార్థి పూర్తిచేశాడా, మార్కులెన్ని అన్న వివరాలను వ్యవస్థకు తెలియజేయడానికి ఇది వీలు కల్పిస్తుంది. అయితే ఈ పెట్టెలో పాఠం మాత్రమే ప్రయాణిస్తుంది. చర్చలు, దిద్దిన అసైన్‌మెంట్లు, అధ్యాపకుని వ్యాఖ్యలు వేరుగా తరలించాలి. వీటిని ఏ రూపంలో అప్పగిస్తారన్నది ఒప్పందంలో లేకపోతే తరువాత అడగడానికి ఆధారం ఉండదు.

విద్యార్థుల వ్యక్తిగత వివరాల భద్రత దీనితో ముడిపడినదే. దీక్షకు సంబంధించిన ఒక నిల్వ సర్వరు తగిన రక్షణ లేకుండా ఉండటం వల్ల 10 లక్షలకు పైగా ఉపాధ్యాయుల, దాదాపు 6 లక్షల విద్యార్థుల వివరాలు బయటపడ్డాయని 2023 జనవరిలో పత్రికలు వెల్లడించాయి. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంటు ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచార సేకరణకు తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతిని కోరుతున్నది. 2025 నవంబరులో వెలువడిన నియమాలు బోధన, భద్రత నిమిత్తం విద్యార్థుల కదలికలను నమోదు చేసే విషయంలో విద్యాసంస్థలకు పరిమితమైన మినహాయింపు ఇచ్చాయి. వాణిజ్య ప్రకటనలకు ఆ సమాచారాన్ని వాడటం ఈ మినహాయింపులోకి రాదు. బ్రిటన్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 2014లోనే ఇటువంటి విధానాన్ని ప్రకటిస్తూ, వ్యవస్థలో కనిపించే అంకెలనుబట్టి మాత్రమే విద్యార్థిని అంచనా వేయరాదని అందులో పేర్కొన్నది.

ఒప్పందం ముగిసే నాటికి సమాచారం చేతికి వస్తుందో లేదో తెలుసుకొనే పరీక్ష ఏమంత కష్టమైనది కాదు. మూడుల్ వంటి వ్యవస్థలో ఒక కోర్సు మొత్తాన్ని, విద్యార్థుల వివరాలు, మార్కులతో సహా, ఒక్క బ్యాకప్ ఫైలుగా దించుకోవచ్చు. మొదటి సెమిస్టరు ముగిసిన వెంటనే, శాఖకు చెందిన వేరొక సర్వరుపై ఆ ఫైలును తెరిపించి, ప్రశ్నలు, సమాధానాలు, మార్కులు, తెలుగు అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయా అని అధ్యాపకులచే సరిచూపించాలి. సరఫరాదారుకు తుది వాయిదా చెల్లింపును ఈ పరిశీలన పూర్తయిన తరువాతనే విడుదల చేసే షరతును టెండరు పత్రంలోనే చేర్చవచ్చు.